సైనికుని అంగడి – లాభమెవరిది?

ఆంధ్రదేశమున సైన్యమునకు బిడ్డలను పంపిన గ్రామములు పెక్కు కలవు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునకు 'మిలటరీ మాధవరము' అను పేరే స్థిరపడినది. అట్టి గ్రామములలో 'క్యాంటీను సరుకు' అను మాట తెలియనివారు అరుదు. సెలవుపై వచ్చిన సైనికుని పెట్టెలోనుండి సబ్బులు, నూనె సీసాలు, ప్రెషరు కుక్కరు వెలికి వచ్చునప్పుడు ఇరుగుపొరుగువారు ధర అడుగుదురు. విని ముక్కుపై వేలు వేసికొందురు. కాని విశ్రాంతి పొందిన హవల్దారు నెలకొకసారి పట్టణమునకు బస్సెక్కి, వరుసలో నిలిచి, సంచి నింపుకొని, ప్రొద్దుగూకిన పిదప ఇల్లు చేరునప్పుడు తనలో తాను ఒక లెక్క వేసికొనును. ఈ శ్రమకు తగిన ఫలమున్నదా?

ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని దీని వెనుక రెండు శతాబ్దములకు మించిన చరిత్ర కలదు. సైనికునకు సరుకు ఎవరు అమ్మవలెను, ఆ లాభము ఎవరికి చెందవలెను అను వివాదము మూలమున ఒక దేశమున యుద్ధశాఖను ఏలిన పెద్దకు పదవి పోయినది. మరియొక దేశమున సైనికాధికారులు న్యాయస్థానపు బోనులో నిలువవలసి వచ్చినది. ఆ చరిత్ర తెలిసినగాని నేటి ధరల పట్టికలోని మర్మము బోధపడదు.

దండు వెంట బజారు

పూర్వకాలమున సేన కదలినచో దానితో బజారు కూడ కదలెడిది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరుపై దండెత్తినప్పటి శిబిరమును పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వర్ణించి యున్నాడు. ఆ శిబిరమున వీధులు, అంగళ్లు, చేతిపనివారు ఉండిరనియు, నగరమున దొరకునట్టి వస్తువులన్నియు అచ్చట దొరకెడివనియు అతని వర్ణనమువలన తెలియుచున్నది. తరువాతి కాలమున మొగలు సేనలకును, పిమ్మట కంపెనీ సేనలకును ధాన్యము చేరవేసినవారు లంబాడీలు. వేలకొలది ఎద్దులపై గోనెలు వేసికొని వారు సేనలను అనుసరించిరి. 1791, 1792 సంవత్సరములలో టిప్పు సుల్తానుపై దండయాత్ర చేసిన కార్న్‌వాలిస్ సైన్యమునకు వారి ధాన్యమే పెద్ద ఆధారమయ్యెను.

ఆ కాలమున సిపాయికి సర్కారు ఇచ్చినది ప్రధానముగా జీతము మాత్రమే. సామాన్య దినములలో బియ్యము, పప్పు, ఉప్పు అతడే తన జీతముతో పటాలపు బజారున కొనుక్కొనవలెను. ధాన్యము ధర ఒక హద్దు మీరినచో కొంత పరిహారము ముట్టెడిది. భారత సిపాయిలకు ఉచిత భోజనసామగ్రి ఇచ్చు పద్ధతి మొదటి ప్రపంచ యుద్ధకాలమునగాని స్థిరపడలేదు. కనుక ఆ రోజులలో బజారు ధర పెరిగినదన్న సిపాయి జీతము తరిగినదనియే అర్థము. వర్తకుడు దారిలో దోపిడికిని నష్టమునకును ఓర్చి సరుకు తెచ్చువాడు. కనుక కరవున్నచోట ఎక్కువ ధర అడుగును. సిపాయికి వేరొక అంగడి లేదు. బేరమాడుటకు తావులేనిచోట కొనువాని స్థితి ఎట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు.

1806లో నిజాము సికందర్ జా పేర సికిందరాబాదు దండు వెలసెను. ప్రజలు దానిని 'లష్కరు' అనిరి. ఆ పేరు నేటికిని వినబడుచున్నది. పటాలములను ఆశ్రయించి బజారు పెరిగెను, బజారును ఆశ్రయించి పట్టణము పెరిగెను. సైనికుని జీతపు రూపాయి ఒక నగరమునే పోషింపగలదని సికిందరాబాదు చాటుచున్నది.

అధికారియే గుత్తదారైనచో

సరఫరాలో లాభమున్నదని తెలిసిన పిదప దానిపై అధికారుల కన్ను పడకుండునా? మద్రాసు సైన్యమున 'డేరాల గుత్త' అనునొక ఏర్పాటు ఉండెడిది. పటాలపు అధికారికి నెలనెల ఒక మొత్తము ముట్టును. దానితో అతడు తన సిపాయిలకు డేరాలు సిద్ధముగా నుంచవలెను. యుద్ధమున్నను లేకున్నను సొమ్ము మాత్రము తప్పదు. డేరాలు ఎంత తక్కువగా నుంచిన అధికారికి అంత మిగులును. ఈ లోపమును ఎత్తిచూపి క్వార్టరుమాస్టరు జనరలు జాన్ మన్రో నివేదిక వ్రాసెను. 1808లో ఆ గుత్త రద్దయ్యెను. దానితో రేగిన అసంతృప్తి ఇతర కారణములతో కలిసి 1809లో మద్రాసు సైన్యపు ఆంగ్లేయాధికారుల తిరుగుబాటుగా పరిణమించెను. మచిలీపట్టణమున యూరోపియను పటాలపు అధికారులు తమ సేనానినే నిర్బంధించిరి. తెలుగుగడ్డపై జరిగిన ఈ ఉదంతము ఒక సత్యమును తెలుపుచున్నది. సిపాయిని కాపాడవలసినవాడే అతని సరఫరాలో లాభము తీయుచున్నచో, సిపాయి పక్షమున మాటాడువాడు మిగులడు.

అమెరికా నేర్చిన పాఠము

ఇదే సత్యమును అమెరికా మరియొక దారిని నేర్చుకొన్నది. అచ్చటి సైనికుల వెంట 'సట్లరు' అను వర్తకుడు ఉండెడివాడు. పొగాకు, సూది దారము, మిఠాయి, ఉత్తరముల కాగితము అమ్ముట అతని పని. సైనికునకు అప్పు ఇచ్చి, జీతము పంచు దినమున అందులో కొంత భాగమును నేరుగా రాబట్టుకొను హక్కు అతనికి ఉండెడిది. కొందరు సట్లర్లు తమ అంగడిలోనే చెల్లు బిళ్లలను కూడ ముద్రించిరి. ఆ బిళ్ల చేత పుచ్చుకొన్న సైనికుడు మరియొక అంగడికి పోలేడు.

దీనికి విరుగుడుగా మరియొక పద్ధతి నెమ్మదిగా పెరిగెను. 1825లో అమెరికా ప్రభుత్వము కొన్ని స్థావరములలోని అధికారులకు సైనిక ఆహారశాలలనుండి వస్తువులను కొన్న ధరకే అమ్ముటకు అనుమతించెను. సామాన్య సైనికునకు ఆ హక్కు రావలెనన్న నలువది సంవత్సరములకు పైగా పట్టెను. 1866 నాటి చట్టము సట్లరు పద్ధతిని తొలగించి, మరుసటి సంవత్సరమునుండి సామాన్య సైనికుడును కొన్న ధరకే సరుకు పొందునట్లు చేసెను. 'కమిసరీ' అను నేటి సైనిక దుకాణమునకు ఇదియే మూలము.

అయినను సట్లరు పోయి 'స్థావర వర్తకుడు' అను పేర మరల ప్రవేశించెను. స్థావరమున వర్తకము చేయు హక్కును ఇచ్చు అధికారము యుద్ధశాఖ కార్యదర్శి చేతికి వచ్చినది. మన దేశపు పరిభాషలో ఆ పదవి మంత్రిపదవి వంటిది. విలియం బెల్నాప్ ఆ పదవిలో నుండగా ఫోర్ట్ సిల్ అను దూరపు కోటలోని వర్తకహక్కు విషయమున ఒక రహస్య ఒప్పందము నడచెను. కోటలోని వర్తకుడు తన హక్కును నిలుపుకొనుటకు న్యూయార్కులోని ఒక పెద్దమనిషికి ఏటేట వేలకొలది డాలర్లు చెల్లించెను. ఆ పెద్దమనిషి అందులో సగము బెల్నాప్ కుటుంబమునకు పంపెను. 1876 మార్చి 2న ప్రతినిధుల సభ అభియోగము మోపుటకు సిద్ధపడగా, బెల్నాప్ ఆ ఉదయమే పరుగున పోయి రాజీనామా ఇచ్చెను. సభ అయినను అభియోగము మోపెను. సెనేటు విచారణలో మాత్రము, పదవి విడిచినవానిని విచారించు అధికారము సభకు లేదని పలువురు సభ్యులు తలచుటచే, శిక్షకు వలసిన మూడింట రెండు వంతుల ఓట్లు రాలేదు.

ఆ లంచము ఎవరి జేబునుండి వెడలినది? వర్తకుడు తన యింటి సొమ్ము తెచ్చి ఇయ్యలేదు. కోటలోని సైనికుడు కొన్న పొగాకుపైనను, దుప్పటిపైనను అది వేయబడెను. ఊరికి వందల మైళ్ల దూరమున నున్న సైనికునకు ఆ ధర చెల్లించుట తప్ప గత్యంతరము లేకుండెను.

ఈ అనుభవముతో 1895లో అమెరికా యుద్ధశాఖ స్థావరమందలి దుకాణములను పటాలములే నడుపవలెనని శాసించెను. వీనికే 'పోస్టు ఎక్స్‌చేంజి' అని పేరు. నేటికిని అచ్చట ఈ రెండు పద్ధతులును వేర్వేరుగా నడచుచున్నవి. కమిసరీలో ఆహారవస్తువులు లాభము లేక అమ్ముదురు. బిల్లుపై నూటికి 5 వంతున కట్టడముల నిమిత్తము చేర్చుదురు. నిర్వహణకు ప్రభుత్వము ఏటేట వందకోట్ల డాలర్లకు పైగా భరించును. ఎక్స్‌చేంజి మాత్రము లాభమునకే అమ్మును. ఆ లాభములో కొంత భాగము సైనికుల క్రీడలకును, వినోదములకును మరల చేరును. మొదటిదానిలో ఫలము ధరలో కనబడును. రెండవదానిలో ఫలము ధర వెలుపల కూడ వెదకవలెను. ఈ భేదము గుర్తించుట ముఖ్యము.

బ్రిటను మార్గము, భారతదేశము

బ్రిటను సైన్యమునను క్యాంటీను మొదట గుత్తదారులదే. ఆ బాధ తాళలేక 1894లో కొందరు అధికారులు ఒక సహకార సంఘమును స్థాపించి, లాభమును సైనికులకే మరల్చుటకు పూనుకొనిరి. అయినను పెద్ద వర్తకసంస్థల పోటీ ఆగలేదు. 1914లో లండనులో జరిగిన ప్రసిద్ధమైన విచారణలో, క్యాంటీను గుత్తల కొరకు లంచములిచ్చిన వర్తకసంస్థ ఉద్యోగులును, పుచ్చుకొన్న సైనికోద్యోగులును దోషులుగా తేలిరి. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప 1921లో నౌకాదళ, పదాతి, వైమానిక దళములకు ఉమ్మడిగా 'నాఫీ' అను సంస్థ ఏర్పడెను. దాని మిగులు సైనికుల సంక్షేమమునకే చెందవలెను.

భారతదేశమున కూడ ఇట్టి ప్రయత్నములు రెండు యుద్ధముల నడుమ జరిగినను, గుత్తదారుల పద్ధతియే చాలకాలము నిలిచెను. రెండవ ప్రపంచ యుద్ధమున సేన ఎన్నో రెట్లు పెరుగగా, 1942లో ప్రభుత్వమే క్యాంటీను సేవలను చేతికి తీసికొనెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948 జనవరి 1న 'క్యాంటీన్ స్టోర్స్ డిపార్టుమెంటు' ఏర్పడెను. ఇది రక్షణ మంత్రిత్వశాఖకు చెందినది. ప్రధాన కార్యాలయము ముంబయిలో కలదు. దేశమంతటను దీనికి 34 డిపోలు కలవు. తెలుగునాట సికిందరాబాదు, విశాఖపట్టణములలో డిపోలు ఉన్నవి. డిపోలనుండి సరుకు మూడువేలకు పైబడిన యూనిట్ క్యాంటీన్లకు చేరును. డిపో ప్రభుత్వమునది, క్యాంటీను పటాలము నడుపునది. ఈ రెండంచెల ఏర్పాటును గుర్తుంచుకొనవలెను, ఏలనన మున్ముందు చెప్పబోవు చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ధరల మర్మము

క్యాంటీనులో సరుకు చవుక యగుటకు కారణములు రెండు. మొదటిది, దేశమందలి సైన్యమంతటికిని కావలసిన సరుకు ఒక్కచోట బేరమాడి తయారీదారునివద్దనే కొందురు. నడుమ టోకు వర్తకుడు, చిల్లర వర్తకుడు తీసికొను లాభము చాలవరకు తగ్గును. రెండవది పన్ను. 2017లో వస్తుసేవల పన్ను అమలునకు వచ్చినప్పుడు, ఈ శాఖ చెల్లించు పన్నులో సగము తిరిగి పొందు ఏర్పాటు జరిగెను. డిపోనుండి క్యాంటీనుకును, క్యాంటీనునుండి సైనికునకును జరుగు అమ్మకముపై మరల పన్ను లేదు.

ఈ రెండవ కారణమును లెక్కవేసి చూడదగును. పన్ను చేరక మునుపు 100 రూపాయల ధర గల సబ్బులు, టూత్ పేస్టు ఉన్నవని భావింపుడు. పన్ను నూటికి 18 చొప్పున నున్నప్పుడు బయట 118 రూపాయలు, క్యాంటీనులో 109 రూపాయలు. పన్నువలన మిగులునది 9 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుండి ఇట్టి వస్తువులపై పన్ను నూటికి 5కు తగ్గెను. ఇప్పుడు బయట 105, క్యాంటీనులో 102 రూపాయల 50 పైసలు. మిగులు రెండున్నర రూపాయలు. సైనికునకు నష్టము కలుగలేదు. వాని ఖర్చును తగ్గినది. కాని బయటి అంగడికిని క్యాంటీనుకును నడుమనున్న అంతరము కుంచించుకొని పోయినది.

పెద్ద వస్తువుల విషయము వేరు. 5 లక్షల రూపాయల మూలధర గల చిన్న కారుపై నూటికి 18 పన్నులో సగమన్న 45,000 రూపాయలు. హోదాను బట్టి, ఇన్ని యేండ్లకు ఒకటి అను నియమమును బట్టి కారు కొనవచ్చును. జీవితమున ఒకటి రెండుమారులు కొను ఇట్టి వస్తువున మిగులు మొత్తము, సంవత్సరముల తరబడి కొన్న సబ్బులపై మిగులుదానిని మించగలదు.

దూరము, ఆశ

ఇక హవల్దారు ప్రశ్నకు రావచ్చును. అతడు నెలకు 2,000 రూపాయల సరుకు కొనుననియు, పన్ను, టోకు బేరము రెండును కలిసి నూటికి 10 మిగులుననియు భావింపుడు. మిగులు 200 రూపాయలు. రాకపోకల బస్సు ఖర్చు 120 అయినచో చేతికి దక్కునది 80 రూపాయలు. ఆ దినపు పొలము పని పోయినచో అదియు లేదు. అదే మనిషి మూడు నెలల సరుకు ఒక్కమారు తెచ్చుకొన్నను, ఊరిలోని ఇద్దరు ముగ్గురు మాజీ సైనికులు కలిసి వెళ్లినను లెక్క మారిపోవును. పట్టణమున క్యాంటీను ప్రక్కనే నివసించు ఉద్యోగికి ఈ చిక్కే లేదు. కనుక చవుక అనునది వస్తువుపై అంటించిన చీటీలో మాత్రమే లేదు. అంగడికిని ఇంటికిని నడుమనున్న దారిలో కూడ ఉన్నది.

దారికంటె పెద్ద శత్రువు ఆశ. తక్కువ ధరకు వచ్చినదని అక్కరలేని వస్తువు కొనువానికి మిగులునది ఖర్చే. మద్యమున ఈ ప్రమాదము మరింత. బయటి ధరకును క్యాంటీను ధరకును ఎక్కువ అంతరము కనబడు సరుకులలో అదియొకటి. కోటా మురిగిపోవునను తలంపుతో కొని, త్రాగువాని ఇంట మిగిలినదేమియో వాని ఇల్లాలు చెప్పగలదు. కొన్నది ఇతరులకు అమ్ముట నియమవిరుద్ధము. పట్టుబడినచో కార్డు పోవును, గౌరవము పోవును.

మరియొక ప్రక్కను కూడ చూడవలెను. లడఖు వంటి ఎత్తైన సరిహద్దు ప్రాంతములలో మంచు దారులను మూసివేయు మాసములలో సైనికునకు వేరొక అంగడి ఎక్కడిది? పూర్వపు సట్లరు సరిగా అట్టి చోటనే ధర పెంచెను. నేటి క్యాంటీను అట్టి చోటను నిర్ణీత ధరకే సరుకు ఇచ్చుచున్నది. సైనికుని భార్య విధవయైన పిదపను ఆ హక్కు ఆమెకు నిలిచియున్నది. ఈ మేలును సబ్బు ధరతో కొలువరాదు.

లెక్కల ప్రశ్న

క్యాంటీను ధరలోనే పటాలమునకు కొంత లాభము కలదు. అది సైనికుల సంక్షేమమునకు ఖర్చు కావలెను. కాని డిపో లెక్కలు ప్రభుత్వపు లెక్కలు; యూనిట్ క్యాంటీను లెక్కలు పటాలపు లెక్కలు. 2009లో సర్వోన్నత న్యాయస్థానము యూనిట్ క్యాంటీన్లలో పనిచేయువారు ప్రభుత్వోద్యోగులు కారని తీర్పు చెప్పెను. 2010లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక, ప్రభుత్వ సహాయముతో నడచు వర్తకమునుండి యూనిట్ క్యాంటీన్లు పొందు లాభము పార్లమెంటు పరిశీలనకు అందకున్నదని ఎత్తిచూపెను. సైన్యమునకు తన ఆంతరంగిక తనిఖీ కలదు. పటాలపు నిధిని పటాలమే చూచుకొనవలెనను వాదమునందు బలము లేకపోలేదు. అయినను డేరాల గుత్త నాటినుండి ఫోర్ట్ సిల్ వరకు చరిత్ర తెలుపునది ఒక్కటే. కొనువానికి వేరొక అంగడి లేనిచోట, అమ్మువాని లెక్క బయటపడనిచోట, నష్టపోవువాడు సైనికుడే. ఆ యా కాలములందు మనుష్యులందరును చెడ్డవారై యుండరు. చీకటిలో నడచు లెక్క మంచివానిని కూడ పరీక్షకు పెట్టును.

చందాదారుల సొమ్ముతో నడచు గ్రంథాలయమున సంవత్సరాంతమున జమాఖర్చులు సభలో చదివి వినిపించుట ఆచారము. ఒక్క రూపాయి చందా ఇచ్చినవానికిని ఆ సభలో అడుగు హక్కు కలదు. సైనికుని అంగడియు అట్టిదే. అది చందాలతో కాక అతని కొనుగోళ్లతో నడచుచున్నది.

కావున హవల్దారు ప్రశ్నకు చరిత్ర ఇచ్చు సమాధానమిది. పెద్ద వస్తువునకు, దూరపు సరిహద్దున నున్నవానికి, క్యాంటీను చెంత నివసించువానికి అచ్చట కొనుట నిశ్చయముగా లాభము. ఊరికి దూరమున నున్నవాడు దారి ఖర్చును కలిపి లెక్కవేసికొని, నలుగురితో కలిసి, కావలసినదే కొన్నచో లాభము. లేనిచో ఊరి కోమటి కొట్టే మేలు. ఇక ఎక్కడ నుండి కొన్నను, బిల్లులోని ధరతోపాటు అడుగవలసిన మాట మరొకటి కలదు: ఈ అంగడిలో మిగిలిన రూపాయి ఎక్కడికి పోయినది? ఆ ప్రశ్న అడుగగల హక్కు కొరకే రెండువందల యేండ్లు పట్టినది. ధర తగ్గినదను సంతోషములో దానిని మరువరాదు.